పాత ఫిల్టర్ చూపించి కొత్తది కొనకండి

ఐటీఐ చదివి మేడ్చల్ రోడ్డు మీద ఏదో ఒక వర్క్‌షాపులో చేరిన పిల్లలు నా దగ్గరికొచ్చి మొదట అడిగేది ఒకటే. డీజిల్ పికప్‌కు ఏ కంపెనీ ఆయిల్ ఫిల్టర్ మంచిది సార్? అడిగినవాణ్ణి అడిగినట్టే ముందు తిడతాను, ఆ తర్వాత కూర్చోబెట్టి చెబుతాను. ఈమధ్య తిట్టే ఓపిక కూడా తగ్గింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నాకు వచ్చిన ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వాటిలో చెప్పుకోదగ్గవి లేవు. వర్క్‌షాపు గోడకు వేలాడే నియమాలూ ఉండవు, వాటిని మీ మేనేజరు రోజూ చదివి వినిపిస్తూనే ఉంటాడు. పని నిజంగా ఎలా ఉంటుందో చెబుతాను. వినడానికి అంత బాగుండదు. బాగుండాలంటే షోరూము ముందు బెలూన్లు కట్టే చోటికి పోయి నిలబడండి.

బరువు చూసి కొనే ఉస్తాద్

నేను పని మొదలుపెట్టింది సూరారంలో, జహంగీర్ ఉస్తాద్ షెడ్డులో. ఫ్యాక్టరీలకు సరుకు తోలే బండ్లన్నీ అక్కడికే వచ్చేవి. ఉస్తాద్‌కు చెయ్యి తిరిగిన పని వచ్చు, నోరు మాత్రం మంచిది కాదు. పానా అందించడం ఒక్క క్షణం ఆలస్యమైతే వీపు మీద పడేది. ఇప్పటి పిల్లలకు ఆ దెబ్బలు లేవు, సంతోషం. దెబ్బలు తిన్నందువల్ల నేను గొప్పవాణ్ణి అయ్యానని మాత్రం అనుకోకండి. దెబ్బలవల్ల నాకు వచ్చింది భయం ఒక్కటే. పని వేరేగా నేర్చుకున్నాను.

ఫిల్టర్ కొనడంలో ఉస్తాద్‌ది ఒకటే లెక్క. రెండు చేతుల్లో రెండు డబ్బాలు పట్టుకొని, ఏది బరువుగా ఉంటే అది మంచిదనేవాడు. నేను చాలాకాలం అది నిజమనే నమ్మాను. నకిలీ సరుకు తయారుచేసేవాడికి కూడా ఉస్తాద్ లాంటివాళ్ల సంగతి తెలుసు. వాడు అడుగున మందపాటి రేకు వేస్తాడు, లోపల మాత్రం చేతిరుమాలంత కాగితం మడిచి పెడతాడు. డబ్బా బరువే, ఇంజన్‌కు ఒరిగేది ఏమీ ఉండదు.

బిగించడం కూడా అంతే. గొలుసు పానా వేసి ఒళ్లంతా ఊపి బిగించేవాడు. మళ్లీ ఆయిల్ మార్చే రోజు అది ఊడేది కాదు. అప్పుడు స్క్రూడ్రైవరు పెట్టి డబ్బాకు అడ్డంగా పొడిచి, ఆయిల్ అంతా మీద పోసుకుంటూ తిప్పి ఊడదీసేవాళ్లం. చేత్తో బిగిస్తే చాలు. రబ్బరు రింగు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పి వదిలేయండి. రింగుకు ముందు కాస్త కొత్త ఆయిల్ రాయండి. పాత రింగు ఇంజన్‌కే అతుక్కొని ఉందేమో వేలు పెట్టి చూడండి. దాని మీద కొత్తది ఎక్కిస్తే రోడ్డు మధ్యలో ఆయిల్ మొత్తం బయటికి కొడుతుంది.

ఉస్తాద్ దగ్గర నేను తీసుకున్న మంచి అలవాటు ఒకటుంది. ఊడదీసిన ప్రతి ఫిల్టర్‌నూ కోసి లోపల చూసేవాడు. రంపం బ్లేడుతో కోయనిచ్చేవాడు కాదు, బ్లేడు రజను లోపలి రజనుతో కలిసిపోతుందని. ఉలితో అంచు తొలిచి తెరిచేవాడు. కాగితం మడతల్లో నల్లటి మసి ఉంటే మామూలే. వెలుగులో మెరిసే రజను కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయని. రాగి రంగు కనిపిస్తే ఇంజన్ దించాల్సిందేనని. మీరు కూడా కోసి చూడండి. ఎవరూ జీతం పెంచరు, అయినా చూడండి.

నమూనా పట్టుకొని పోయే అలవాటు

మన దగ్గర ఏ సామాను కొనాలన్నా పాతది చేతిలో పట్టుకొని పోతాం. బోల్టుకు బోల్టు, బెల్టుకు బెల్టు. పేరు తెలియదు, నంబరు తెలియదు, అవసరం కూడా లేదు. కౌంటర్ మీద పెట్టి 'గిసొంటిదే ఇయ్యి' అంటే చాలు. దుకాణంవాడు పక్కన పెట్టి కొలుస్తాడు, ఎక్కించి చూస్తాడు, 'పట్టింది' అంటాడు. బోల్టుకు ఈ పద్ధతి సరిపోతుంది. పట్టిందంటే పని అయిపోయినట్టే.

ఫిల్టర్‌కు పట్టడం సగం సంగతే. మర ఒకటే, రింగు ఒకటే, ఎత్తు ఒకటే అయిన రెండు ఫిల్టర్లు లోపల పూర్తిగా వేరుగా ఉండొచ్చు. కొన్ని ఇంజన్లలో ఫిల్టర్ నోరు పైకి పెట్టి నిటారుగా వేలాడుతుంది. కొన్నింటిలో పక్కకు అడ్డంగా పడుకొని ఉంటుంది. నిలబెట్టిన చెంబులో నీళ్లు ఉంటాయి, పడుకోబెట్టిన చెంబులో ఉండవు. ఇంతకన్నా పెద్ద సైన్సు ఇందులో లేదు.

అందుకే అడ్డంగా పడుకునే ఫిల్టర్ లోపల ఒక రబ్బరు పొర పెడతారు. బండి ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా అది ఆపుతుంది. నోటి చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి చూస్తే ఆ రబ్బరు కనిపిస్తుంది. అగ్గిపుల్ల పెట్టి మెల్లగా నొక్కితే లోపలికి పోయి మళ్లీ వస్తుంది. అది లేని ఫిల్టర్‌ను అడ్డం ఇంజన్‌కు బిగిస్తే రాత్రంతా డబ్బా ఖాళీ అవుతుంది. తెల్లారి స్టార్టు చేసినప్పుడు ఆ డబ్బా నిండేదాకా ఇంజన్ పైభాగానికీ, లోపలికి గాలి నెట్టే టర్బోకూ ఆయిల్ అందదు. కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లలో ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది, స్టీరింగు ముందుండే ఆయిల్ ఎర్ర దీపం కాస్త ఆలస్యంగా ఆరుతుంది. డ్రైవరు ఏమనుకుంటాడు? డీజిల్ బండి కదా, పొద్దున పొద్దున మోత ఉంటుందిలే అనుకుంటాడు.

కాబట్టి మీరు చూడాల్సింది బ్రాండు కాదు, బరువు కాదు, చేతిలోని పాత డబ్బా అంతకన్నా కాదు. బండి మోడలు, ఇంజన్ నంబరు చెప్పి, ఆ ఇంజన్‌కు ఏ నంబరు ఫిల్టరో కంపెనీ పుస్తకంలో చూసి తీసుకోండి. ఈ మాట నేను చెబితే మేడ్చల్‌లో నవ్వినవాళ్లే ఎక్కువ. వాళ్లు నవ్వుకుంటే నాకేం కాలేదు, కానీ ఒకామె బండి పోయింది. ఆమె పేరు బాలమణి.

బాలమణి బండి

అత్వెల్లి దాటి హైవే మీద ఒక షోరూము, దాని వెనుక వర్క్‌షాపు ఉన్నాయి. అక్కడే నేను ఫోర్మన్‌గా రిటైరయ్యాను. యజమానిది ఆ ఊరే. ఆ నేలలో వాళ్ల నాయిన మొక్కజొన్న వేసేవాడు. హైవే వెడల్పయ్యాక కొంత అమ్మి, కొంతలో షోరూము కట్టారు. ఊళ్లో అందరూ ఆయన్ను పటేలు అంటారు. వాళ్ల తమ్ముడు రాజకీయాల్లో తిరుగుతాడు, వాళ్ల మాటకు చుట్టుపక్కల ఎదురు లేదు. మనిషి గట్టిగా మాట్లాడడు. గట్టిగా మాట్లాడేవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్లతో అంత ప్రమాదం లేదు.

బాలమణిది శామీర్‌పేట. మగడు సత్తయ్య చెరువులో వలవేసే మనిషి, ఆమె చేపలు అమ్మే మనిషి. వాళ్లకు బండి లేని రోజుల్లో దళారి వచ్చి, తన బండిలో సరుకు ఎత్తుకొని, తను చెప్పిన ధరే ఇచ్చి పోయేవాడు. చేపకు ఎదురుచూసే ఓపిక ఉండదు, ఎండెక్కితే అంతే. వాడు ఎంతంటే అంతకు ఇవ్వాల్సిందే. ఈమె పట్టుబట్టి, కిస్తీల మీద మా దగ్గరే కొత్త పికప్ తీసుకుంది. సత్తయ్య స్టీరింగు నేర్చుకున్నాడు. అప్పటినుంచి సరుకు వాళ్లదే, బండి వాళ్లదే, ధర చెప్పేదీ వాళ్లే. బండి తీసుకున్న రోజు ఆమె షోరూములో ఎవరినీ లెక్కచేయకుండా బండి చుట్టూ తిరిగి, చక్రాలకు తనే పసుపు రాసింది. నేను దూరం నుంచి చూశాను.

ఫ్రీ సర్వీసులు అయిపోయాక వాళ్లు వర్క్‌షాపుకు రావడం మానేశారు. మా దగ్గర బండి పెడితే ఒక పూట పోతుంది, పూట పోతే సరుకు పోతుంది. ఆయిల్ మార్చే పని శామీర్‌పేటలోనే ఒక మెకానిక్‌తో చేయించుకునేవారు. అయితే సామాను మాత్రం బయట కొనలేదు. చేపలు దింపాక మెకానిక్ దగ్గర బండి పెట్టి, సత్తయ్య బస్సెక్కి మా షోరూములోని సామాన్ల కౌంటర్‌కే వచ్చి, కంపెనీ ఆయిలూ కంపెనీ ఫిల్టరూ కొనుక్కొని పోయేవాడు. వారంటీ ఉన్న బండి, నకిలీది వేయొద్దని భార్యాభర్తలిద్దరిదీ ఒకటే మాట. ఇంత జాగ్రత్త పడ్డవాళ్లను నేను తక్కువ చూశాను.

బండి ఒక రోజు తాడు కట్టి లాక్కొచ్చారు. చెరువు కట్ట దిగుతుండగా టర్బో గోలపెట్టి, ఆ వెంటనే ఇంజన్ పట్టేసిందట. నేను అడ్డంగా ఉన్న ఫిల్టర్‌ను ఊడదీశాను. మా కంపెనీదే, మా కౌంటర్‌దే, డబ్బా మీద ముద్ర అంతా సక్రమం. రంధ్రాల్లోంచి చూస్తే రబ్బరు కనపడలేదు. ఉలితో తెరిచాను. కాగితం మడతల్లో రాగి రంగు రజను మెరుస్తోంది, రబ్బరు పొర ఎక్కడా లేదు. అది మా కంపెనీవాళ్లు పాత మోడలుకు ఇచ్చే ఫిల్టర్. ఆ మోడలులో ఫిల్టర్ నిటారుగా వేలాడుతుంది, దానికి ఆ పొర అక్కర్లేదు.

అప్పటికి సత్తయ్య గోడకు ఆనుకొని తల వంచుకొని కూర్చున్నాడు. పొద్దున మోత వస్తోందని భార్య చెబితే, డీజిల్ బండికి గట్లనే ఉంటదని కొట్టిపారేసింది తనే. దారంతా ఆమె అతన్ని తిడుతూ వచ్చింది. నా చేతిలో కోసిన డబ్బా చూసి దగ్గరికొచ్చింది.

"ఏం కనవడ్తాంది సారూ?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లోపల ఉండాల్సిన రబ్బరు లేదని, ఇది వేరే బండికి చేసిన ఫిల్టర్ అని, ఇచ్చింది మా కౌంటరే అని.

"అంటే మా తప్పు గాదు గదా?"

కాదన్నాను. ఆమె వెనక్కి తిరిగి మగడి వైపు చూసింది. పోయి అతని పక్కన కూర్చుంది. తప్పు మా షోరూముది కాబట్టి వారంటీ కింద ఇంజన్ వస్తుందని అనుకుంది పాపం. నేనూ అలాగే అనుకున్నాను.

కౌంటర్‌లో యాదగిరి

కౌంటర్ మీద ఉండేది యాదగిరి. నేనూ అతనూ కలిసి తిన్న అన్నం లెక్క లేదు. ఇంటి నుంచి తెచ్చిన కూర ముందు నా ప్లేటులో వేసి తర్వాత తను వేసుకునేవాడు. కోసిన ఫిల్టర్ తీసుకుపోయి అతని ముందు పెట్టాను. చూసిన వెంటనే ముఖం మారింది. దాచలేదు, నాతో అంతా చెప్పాడు.

ఒకసారి సత్తయ్య వచ్చినప్పుడు ఆ మోడలు ఫిల్టర్లు స్టాకు లేవు. పాత మోడలుది తీసి, మర సరిపోయిందా, రింగు సరిపోయిందా చూసి ఇచ్చేశాడు. అందులో మోసం లేదు, కంపెనీ సరుకే కదా అనుకున్నాడు. ఆ తర్వాత సరైనవి స్టాకు వచ్చాయి. కానీ సత్తయ్య మన అలవాటు ప్రకారం ఊడదీసిన డబ్బా పేపర్లో చుట్టుకొని వచ్చి, గిసొంటిదే ఇయ్యమన్నాడు. యాదగిరి డబ్బా మీది నంబరు చూసి సరిగ్గా అదే ఇచ్చాడు. మళ్లీ వచ్చినప్పుడూ అంతే. ప్రతి తప్పుడు ఫిల్టరూ తన తర్వాతిదానికి తానే సాక్ష్యం చెప్పింది. సత్తయ్య జాగ్రత్తగా తెచ్చాడు, యాదగిరి జాగ్రత్తగా చూసి ఇచ్చాడు. ఇద్దరి జాగ్రత్తా కలిసి ఇంజన్‌ను తినేసింది.

ఇందులో దొంగ ఎవడూ లేడు. అప్పటికి లేడు.

ఇద్దరం కలిసి పటేలు దగ్గరికి పోయి చెబుదామన్నాను. యాదగిరి కాసేపు పెట్టెలు సర్దినట్టు నటించి, సరే పద అన్నాడు.

ఏసీ గదిలో

పటేలు మమ్మల్ని కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. నేను జరిగింది మొత్తం చెప్పాను, కోసిన డబ్బా టేబుల్ మీద పెట్టాను. మా కౌంటర్ పొరపాటు కాబట్టి ఇంజన్ మనమే చేసి ఇవ్వాలన్నాను. ఆయన మధ్యలో అడ్డుపడలేదు. అంతా విని, యాదగిరి వైపు తిరిగి, ఈ ఫిల్టర్ నువ్వే ఇచ్చినవా అని మెల్లగా అడిగాడు.

"యాదికి లేదు సార్," అన్నాడు యాదగిరి.

గంట క్రితం నాకు వివరంగా చెప్పిన మనిషి. చాయ్ కప్పు వైపు చూస్తూ అన్నాడు, నా వైపు చూడలేదు. బయట బోలెడు దుకాణాల్లో మన కంపెనీ సరుకు దొరుకుతది, ఎక్కడ కొన్నరో ఏమో అని కూడా కలిపాడు. ఎవరూ అడగని ముక్క అది. తనంతట తానే కలిపాడు.

పటేలు నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"మల్లేశం, నువ్వు ఈ కుర్చీల కూసొని మాట్లాడుతున్నవా, గా బాలమణి ఇంట్ల కూసొని మాట్లాడుతున్నవా?"

ఎవరింట్లో కూర్చున్నా ఫిల్టర్‌లో రబ్బరు లేదు సార్ అన్నాను. ఆయన నవ్వాడు. ఇయ్యాల ఒక ఇంజన్‌కు తప్పు ఒప్పుకుంటే, రేపు ఊరంతా పాత ఇంజన్లు ఎత్తుకొని గేటు ముందర నిలబడ్తరు, నీకు తెల్వదా అన్నాడు. సర్వీసు బయట చేయించుకున్నారు కాబట్టి వారంటీ వర్తించదని చెప్పమన్నాడు. అయితే పేదోళ్లు, కూలీ చార్జీ మాఫీ చేద్దాం, సామాను పైసలు కట్టుకుంటే చాలు అన్నాడు. ఇంజన్ పనిలో సామాను ఖర్చే కొత్త ఇంజన్ అంత ఉంటుంది. కూలీ మాఫీ అనేది కొబ్బరికాయ తిని చిప్ప ఇచ్చినట్టు.

ఆ చిప్పను ఆయన స్వయంగా బయటికొచ్చి ఇచ్చాడు. బాలమణికి నమస్కారం పెట్టి మరీ చెప్పాడు. పక్కనున్న మావాళ్లు, పటేలు కాబట్టి ఇంత చేసిండు, వేరే షోరూముల అయితే లోపలికి కూడా రానియ్యరు అన్నారు. ఆమె పటేలును చూడలేదు. నన్ను చూసింది. తప్పు మా షోరూముదని నేనే చెప్పాను కదా, ఇప్పుడు ఏమంటానా అని. నేను అందరి ముందే మళ్లీ చెప్పాను. ఫిల్టర్ మా కౌంటర్‌దే అని, తప్పు వాళ్లది కాదని. పటేలు ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకొని లోపలికి పోయాడు.

సాయంత్రం వాళ్లతో గేటు దాకా నడిచాను. వినియోగదారుల కోర్టుకు పోదాం, ఉద్యోగం ఉన్నా పోయినా నేను వచ్చి సాక్ష్యం చెబుతాను అన్నాను. బాలమణి సరే అనబోయింది. సత్తయ్య ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

"వాళ్లతోటి పెట్టుకుంటే చెరువుల మాకు పని ఉంటదా సారూ? బండి పోయింది. చెరువు గూడ పోతే ఏం తినాలె?"

పటేలు తమ్ముడి మాట చెరువుల మీద కూడా ఎంత నడుస్తుందో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. నేను ఇంక బలవంతం చేయలేదు. పోగొట్టుకునేది వాళ్లు, ధైర్యం చెప్పేది నేను. ఆ లెక్క నాకే బాగాలేదు.

శాలువా

ఆ వారంలోనే నన్ను వర్క్‌షాపు నుంచి తీసి కొత్త బండ్ల యార్డుకు పంపారు. కొత్త బండ్లకు టైర్లలో గాలి చూడటం, డెలివరీ రోజు రిబ్బను కట్టించడం నా పని. జీతం తగ్గించలేదు, ఒక్క మాట అనలేదు. ఇంజన్ మోత విని జబ్బు చెప్పగలిగే మనిషిని తీసుకెళ్లి, మోతే లేని బండ్ల మధ్య నిలబెట్టారు. రిటైరయ్యేదాకా రిబ్బన్లు కట్టాను. ఎర్ర రిబ్బను కన్నా పసుపుది ఫొటోలో బాగుంటుందని నేర్చుకున్నాను. పెద్ద విద్యే.

వీడ్కోలు రోజు పటేలు శాలువా కప్పి, మల్లేశం నిజాయితీకి మారుపేరు, మా సంస్థకు ఆస్తి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. యాదగిరి కూడా కొట్టాడు. మీటింగ్ అయ్యాక నన్ను పక్కకు తీసుకుపోయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నువ్వు ఇంటికి పోతున్నవ్ మల్లేశన్నా. నాకింక చానా ఏండ్ల నౌకరి ఉన్నది. నేను యాడికి పోవాలె?"

అతని బాధ నాకు అర్థమైంది. అర్థమైతే క్షమించాలని ఎక్కడా రాసి లేదు. నేను క్షమించలేదు. మీకు ఇంకోలా అనిపిస్తే అది మీ మంచితనం. కౌంటర్‌లో నమూనా చూసి ఫిల్టర్ ఇవ్వడం ఆపు, ఇంజన్ నంబరు అడుగు అని మాత్రం పోతూ పోతూ అతనికి చెప్పాను. గట్ల అడుగుతూ కూర్చుంటే గిరాకి పక్క దుకాణానికి పోతదన్నా అన్నాడు. కన్నీళ్లు ఇంకా తుడుచుకోలేదు, అప్పుడే అన్నాడు.

చెరువు దగ్గర

రిటైరయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే శామీర్‌పేట పోయాను. చేపల కోసం అని ఇంట్లో చెప్పాను కానీ బాలమణిని చూడాలనే పోయాను. మనసులో ఒక మూల నాకు ఒక ఆశ ఉంది, దాచడం ఎందుకు. ఊరంతా పటేలుకు తల ఊపినప్పుడు నేనొక్కణ్ణే ఆమె పక్షాన మాట్లాడాను. ఆ సంగతి ఆమె నోటి నుంచి ఒకసారి వినాలనిపించింది. శాలువా కప్పుకున్నప్పుడు రాని తృప్తి అక్కడ దొరుకుతుందనుకున్నాను.

కట్ట కింద రోడ్డు పక్కన ఆమె నేల మీద కూర్చొని చేపలు ఏరుతోంది. పెద్దవి ఒక గంపలో, చిన్నవి ఒక గంపలో. నన్ను గుర్తుపట్టి, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా బోర్లించి కూర్చోమంది. ఇంజన్ చేయించలేకపోయారట. కిస్తీలు ఆగిపోయి ఫైనాన్సువాళ్లు బండి తీసుకుపోయారట. ఇప్పుడు మళ్లీ దళారి బండే వస్తుంది, మళ్లీ వాడు చెప్పిందే ధర. సత్తయ్యకు స్టీరింగు వచ్చు కాబట్టి ఆ దళారి దగ్గరే డ్రైవరుగా కుదిరాడు. భార్య ఏరిన చేపలను, వాడి ధరకు, వాడి బండిలో మగడే ఎత్తుకుపోతున్నాడు. ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది, చేతులు ఆపకుండా చెప్పింది.

నేను ఓదార్పుగా, తప్పు మీది కాదని పటేలు ముఖం మీదే చెప్పాను బాలమణీ, అదైనా నీకు తెలుసు కదా అన్నాను.

"తెల్వకుంటెనే మంచిగుంటుండె సారూ."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేవాణ్ణి.

"మా ఆయన తప్పే అనుకుంటే, ఆయన్ను నాలుగు తిట్టి ఊకుందును. నా నసీబు అనుకుంటే, ఒక రోజు ఏడ్సి ఊకుందును. ఎవని తప్పో మీరు చెప్పి పోయిండ్రు. గా పటేలు కారు దినాం గీ రోడ్డు మీదికెల్లే పోతది. పోయినప్పుడల్లా నా చేతుల పని ఆగుతది. తెలిసినంక ఏం జెయ్యాల్నో, గది మాత్రం చెప్పలే మీరు."

అంతలో దళారి బండి హారన్ వినిపించింది. ఆమె గంప ఎత్తుకొని లేచింది.

మీకోసమని ఇంత రాశాను. రబ్బరు ఎక్కడ చూడాలో, ఫిల్టర్ ఎలా బిగించాలో, డబ్బా దేనితో కోయాలో అన్నీ రాశాను. ఆమె అడిగినదానికి ఒక వాక్యం రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా, చెయ్యి కదల్లేదు.